మూడో మెట్టు

అక్కయ్యకు తమ్ముడి నమస్కారాలు.

ఇక్కడ నేను, నీ మరదలు, మన బట్టల కొట్టు, అందరం కులాసా. అక్కడ నువ్వూ బావగారూ కులాసాగా ఉన్నారనీ, నీ మోకాలు ఈమధ్య నీ మాట వింటోందనీ తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. అడిగినవాటికి వరసగా జవాబులు చెప్తాను. దుప్పట్లు పంపాను. మొదటి ఉతుకులో కాస్త కుంచించుకుపోతాయి, కంగారుపడి బావగారిని తిట్టకు. కొట్టుకి రంగు వేయించాం. నువ్వు చెప్పిన రంగు కాదు, నీ మరదలు చెప్పిన రంగు. నేను ఎవరితో కాపురం చేస్తున్నానో నువ్వు మర్చిపోకూడదు. ఇక అసలు ప్రశ్న: నీ మేనకోడలు బుడంకాయ చివరికి ఏ కాలేజీలో చేరింది? "ఫోన్లో నాకు సగమే వినపడింది, వినపడిన సగమూ నమ్మేలా లేదు" అని రాశావు. నమ్ము. మొదటినుంచీ చెప్తాను, తీరిగ్గా చదువుకో.

చిన్నప్పుడు మన కొట్టులో మిగిలిన ముక్కలన్నీ తీసుకెళ్ళి వీధి కుక్కల కాళ్ళకి కట్లు కట్టేది గుర్తుందా. ఆ పిచ్చి తగ్గలేదు, పెరిగి పెద్దదైంది. పశువైద్యమే చదువుతానంది, రెండు కాలేజీల్లో సీటు తెచ్చుకుంది. ఒకటి మన ఊళ్ళోనే కొత్తగా పెట్టింది. కొట్టు ముందు ఆగే బస్సే దాని గేటు ముందూ ఆగుతుంది. కొత్త కాలేజీకి పేరు రావాలంటే మంచి మార్కుల పిల్లలు కావాలి కదా, అందుకని ఫీజంతా మాఫీ అన్నారు. రెండోది పాతది. పగలంతా బస్సులో కూర్చుంటే గాని రాదు. దానికి సొంత పశువుల ఆసుపత్రి ఉంది, మొదటి ఏడాది నుంచే పిల్లల చేత గడ్డి వెయ్యడం దగ్గర్నుంచి సూదిమందు దాకా అన్నీ చేయిస్తారు. దీని ప్రాణమంతా అక్కడే. వాళ్ళేమో సగం ఫీజే తగ్గిస్తామన్నారు. మిగతా సగం మన కొట్టు మొయ్యలేదని నాకు తెలుసు, నాకంటే ముందు దానికి తెలుసు.

బేరంలో నాకు గురువువి నువ్వే. "కొనడానికొచ్చిన మనిషి లేస్తే లేవనివ్వరా. మొదటి మెట్టు మీదే పిలిచావా, లోకువైపోతావు. వీధిలోకి దిగనిచ్చావా, పక్క కొట్టువాడి పాలు. మూడో మెట్టు మీద పిలువు" అని చెవి మెలేసి మరీ నేర్పావు. కొనేవాళ్ళకీ ఈ సంగతి తెలుసు, పిలుస్తారనే దిగుతారు. నేను ఈ విద్యే పిల్లకి చెప్పాను. "మీ సగం మాకక్కర్లేదు, ఊళ్ళో చేరుతున్నాం అని రాసెయ్యి. వాళ్ళే వెనక్కి పిలుస్తారు" అన్నాను.

అది బట్ట కత్తిరించే బల్ల మీద కాగితం పరుచుకుని ఏం రాసిందో చెప్తే నవ్వుతావు. నాకు మీ కాలేజీయే ఇష్టం, ఊళ్ళో కాలేజీవాళ్ళు ఫీజంతా మాఫీ చేశారు, వాళ్ళ కాగితం జతచేస్తున్నాను, మీరిచ్చే సగంతో నేను రాలేను, మరోసారి చూడగలరా అని రాసింది. అంతే. నాకు చెమటలు పట్టాయి. బట్ట నచ్చిందని ముందే చెప్పేశాక ఇంకా బేరమేమిటి?

"అబద్ధమాడి చేరితే ఐదేళ్ళు వాళ్ళ మొహాలు చూడాలి నాన్నా. బట్టల కొట్టుకైతే మళ్ళీ వెళ్ళక్కర్లేదు" అంది.

"మన కొట్టుకి వచ్చినవాళ్ళే మళ్ళీ మళ్ళీ వస్తారే" అన్నాను రోషంగా.

"నేనూ అదే చెప్తున్నా" అంది.

వారం తిరక్కుండా ఆ పాత కాలేజీ నుంచి కొట్టుకి ఫోనొచ్చింది. స్కాలర్‌షిప్పుల పని చూసే మేడమ్. పిల్ల అప్పుడు కొట్టులో లేదు. "మీ అమ్మాయి ఉత్తరం చూశామండీ. ఇంకా ఏమీ తేల్చుకోలేదు కదా" అని అడిగింది. నేను "తేల్చుకున్నామండీ, ఊళ్ళోనే చేరుస్తున్నాం" అన్నాను. మన పద్ధతిలో అయితే అప్పుడు ఆవిడ పిలవాలి. ఆవిడ "అలాగా, మంచిదండీ. అమ్మాయికి శుభాకాంక్షలు చెప్పండి" అని పెట్టేసింది. చదువుకున్నవాళ్ళు మెట్లు దిగేవాళ్ళకి నమస్కారం పెట్టి తలుపేసుకుంటారని నాకేం తెలుసు.

సాయంత్రం పిల్లకి చెప్పాను. అక్కడున్న బట్టల తాను మీద కూర్చుండిపోయింది. "ఎందుకలా అన్నావు నాన్నా" అని అడిగింది. "బేరం కోసమే" అన్నాను. అరవలేదు, ఏడవలేదు. లోపలికెళ్ళి వాళ్ళమ్మతో కాసేపు ఏదో మాట్లాడి, మొహం కడుక్కుని వచ్చి, "పొద్దున్నే బయల్దేరదాం, నువ్వు కూడా రావాలి" అంది.

ఆ మేడమ్ గది చిన్నది. కిటికీలోంచి ఆసుపత్రి ఆవరణ కనిపిస్తోంది, ఒక ఆవు కాలికి తెల్ల కట్టుతో నిలబడి నెమరేస్తోంది. మన పిల్ల చూపు దాని మీదకే పోయింది. మేడమ్ "మీ ఇంట్లోంచే వద్దన్నారు కదమ్మా. నీకనుకున్నది ఇంకొకరికి ఇమ్మని రాశాం, సంతకమొక్కటే మిగిలింది" అంది.

అక్కా, అప్పుడు అది మాట్లాడిన తీరు నువ్వు చూడాల్సింది. బెదరడం లేదు, బతిమాలడం లేదు. "మా నాన్న వద్దనలేదు మేడమ్. మాది బట్టల కొట్టు. మా దగ్గర లేచి వెళ్ళడమంటే వద్దని కాదు, ఇంకో మాట చెప్పమని. ఆయన నా తరఫున మెట్లు దిగారు. మీరు పిలుస్తారనుకున్నారు" అంది.

మేడమ్ నా వైపు తిరిగింది. "ఎవరూ పిలవకపోతే ఏం చేస్తారండీ మీ కొట్టులో?"

"వీధి చివరిదాకా వెళ్ళి, ఏదో మర్చిపోయినట్టు తిరిగొస్తారండీ" అన్నాను.

"అచ్చం ఇలాగే అన్నమాట" అని ఆవిడ పకపకా నవ్వింది. ఆ నవ్వుతో నాకు ప్రాణం లేచొచ్చింది.

తర్వాత "సరే, ఎంత తగ్గిస్తే వస్తావో నువ్వే చెప్పు" అంది పిల్లతో. నేను బల్ల కింద కాలితో తన్నాను, మొత్తం అడగమని. అది కాలు పక్కకి జరుపుకుంది. "మొత్తం వద్దు మేడమ్. ఇంకో పావు వంతు చాలు. మీ ఆసుపత్రిలో పశువుల్ని కనిపెట్టుకుని ఉండే పిల్లలకి గది ఉచితమట కదా, ఆ పని నాకివ్వండి. అది నేను ఎలాగూ నేర్చుకోవాల్సిందే. మిగతాది మావాళ్ళు కట్టగలరు. మీరు సరేనంటే ఇక ఎవరినీ ఏమీ అడగను" అంది. ఇదంతా ఎక్కడ ఆరా తీసిందో, ఎప్పుడు లెక్క వేసుకుందో నాకు తెలియదు. మేడమ్ "కమిటీకి చెప్తాను, మాట మాత్రం ఇవ్వలేను" అని పంపింది.

ఇంటికొచ్చేసరికి ఊళ్ళో కాలేజీ ప్రిన్సిపాల్ ఫోను. దీనికి దాచడం రాదు కదా, పాత కాలేజీని అడుగుతున్నానని ఆయనకి ముందే చెప్పి ఉంచింది. ఆయన పట్టుదలకి పోయి పుస్తకాలూ, నెలనెలా ఖర్చులూ కూడా ఇస్తామన్నాడు. నాకు నోరూరింది. ఈ మాట పట్టుకెళ్ళి ఆ మేడమ్ చెవిన వేస్తే ఇంకో మెట్టు ఎక్కుతుంది, దాన్ని తెచ్చి ఈయన చెవిన వేస్తే ఇంకోటి. అది ఒప్పుకోలేదు. "ఎవరినీ ఏమీ అడగనని మేడమ్‌తో అన్నాగా నాన్నా" అంది. ప్రిన్సిపాల్‌తో మాత్రం, "అక్కడ కాదంటే సంతోషంగా మీ దగ్గర చేరతాను సార్. అవునంటే ఆ క్షణమే మీకు చెప్తాను, నాకోసం ఉంచింది ఇంకొకరికి ఇద్దురుగాని" అంది.

గడువు ఇంకా రెండు రోజులుందనగా కమిటీ సరేనంది, అది అడిగిన పావు వంతుకీ, ఆసుపత్రి పనికీ కూడా. అది మొదట చేసిన పని ప్రిన్సిపాల్‌కి ఫోను చెయ్యడం, తర్వాతే వాళ్ళమ్మని కావలించుకోవడం. మర్నాడు ఆయన మన కొట్టుకొచ్చి రెండు తువ్వాళ్ళు కొన్నాడు. "చివరిదాకా నానబెట్టేవాళ్ళనే చూశానండీ. మీ అమ్మాయి పుణ్యమా అని ఇంకో పిల్లకి సీటు స్థిరపడింది" అన్నాడు. బేరమాడకుండా డబ్బిచ్చి వెళ్ళాడు. మన పిల్లని చూసి నేను ఇంత పొంగిపోయిన రోజు ఇంకోటి లేదు.

ఇంతవరకూ ఊరందరికీ చెప్పిన కథే. ఇకమీదది నీకొక్కదానికే చెప్తున్నాను.

అక్కా, ఆ రోజు ఫోన్లో నేను బేరమాడలేదు. మేడమ్ అడిగినప్పుడు నాకు బేరం గుర్తుకే రాలేదు. సాయంత్రం బస్సు దిగి, చెప్పులు గడప దగ్గర విసిరేసి, "నాన్నా ఆకలి" అంటూ వచ్చే పిల్ల గుర్తొచ్చింది. ఊళ్ళోనే చేరితే ఇంకో ఐదేళ్ళు ఆ చెప్పుల చప్పుడు వినొచ్చు కదా అనిపించింది. నోరు దానంతటదే అనేసింది. ఆవిడ పెట్టేశాక నాకు భయం వెయ్యలేదు, హాయిగా అనిపించింది. ఆ హాయి తలుచుకుంటేనే ఇప్పుడు సిగ్గేస్తోంది. ఆ గదిలో పిల్ల నన్ను వెనకేసుకొస్తుంటే తలెత్తలేకపోయాను.

నిన్న పొద్దున్న దాన్ని బస్సెక్కించాను. పెట్టె పైన పెట్టి కిందకి దిగాను, అది బస్సు మెట్ల ముందు నిలబడి మెల్లగా అంది: "ఆ రోజు నువ్వు బేరమాడలేదని నాకు తెలుసు నాన్నా. ఫోన్లో గొంతు తగ్గించి మాట్లాడావట, అమ్మ చెప్పింది. బేరంలో నీ గొంతు ఎప్పుడైనా తగ్గిందా?"

అంటే మేడమ్ గదిలోకి అన్నీ తెలిసే వెళ్ళింది. అబద్ధమాడనన్న పిల్ల నాకోసం ఒక్కటి ఆడింది. నేను ఏదో చెప్పబోయాను. అది నవ్వి, "సెలవులకి వస్తాగా" అని నా భుజం తట్టి, వెనక్కి తిరిగి ఒకటో మెట్టు, రెండో మెట్టు ఎక్కింది.

మూడో మెట్టు మీద ఒక్క క్షణం ఆగింది. ఎప్పుడు పిలవాలో నాకు తెలియనిది కాదు, నువ్వే నేర్పావు. పిలిస్తే ఆ పిల్ల తిరిగి చూసేది. నోరు గట్టిగా మూసుకుని చెయ్యి ఊపాను.

ఇట్లు,
నీ దగ్గర బేరం నేర్చి, కూతురి దగ్గర మానుకుంటున్న
నీ తమ్ముడు