నాటని చెట్టు నీడ

వెంకటరత్నం,

నువ్వు పోయి నేటికి ఏడాది. మన తోటల ఆఫీసులో నీ కుర్చీ నాకే ఇచ్చారు. ఏలూరు కాలవగట్టు పార్కుకు ప్లాను నేనే గీశాను. ఇవాళ వెళ్ళి చూస్తే, మొక్కలు నాటాల్సిన మాలీలు వెదురుగడలకు పాత పంచెలు కట్టి, మధ్యాహ్నం నీడ ఎటు పడుతుందో చూస్తున్నారు. అచ్చం నీ పద్ధతి.

"ఎవరు చెప్పారు?" అన్నాను.

"అయ్యగారు చెప్పేవారండీ."

"మరి నేనెవర్ని?"

"మీరూ అయ్యగారేనండీ," అన్నాడు పెద్ద మాలీ, మర్యాదగానే.

నేను చదివిన ఇంగ్లీషు పుస్తకాల అట్టలైనా నువ్వు చూసి ఉండవు. అయినా పంచె నీడ సరిగ్గా బెంచీ మీద పడింది. నా ప్లాను ప్రకారమైతే కాలవలో పడేది. ఆ గడ పాతినచోటే నాటమన్నాను. మొక్క ఇంకా గోతిలో దిగలేదు, అప్పుడే దాన్ని నీ చెట్టు అంటున్నారు.