నీలం నీళ్ళలో చెంచా

చి.ల.సౌ. ఆడపడుచుకి వదిన దీవించి రాసేది,

ఇక్కడ నేను క్షేమం. మీ అన్నయ్య సంగతి మాత్రం చదివి నువ్వే తేల్చు. బడిలో రసాయనశాస్త్రం చెప్పడం అయిపోయి రిటైరయ్యాక కొన్నాళ్ళు గోడకేసి చూస్తూ కూర్చున్నారు. ఇప్పుడు నా వంటగది మీద పడ్డారు. టార్చి బ్యాటరీలు, చిన్న బల్బు, రెండు తీగలు పట్టుకుని కనిపించిన గిన్నెలోనల్లా ముంచడమే. ఉప్పునీళ్ళలో బల్బు వెలిగింది. పంచదార నీళ్ళలో వెలగలేదు. నూనె దగ్గరికి వస్తే గరిటె తీశాను. నాతో మాటా పలుకూ లేదు. నిన్న నీలం పలుకుల మైలుతుత్తం కొనుక్కొచ్చి, జాడీలో నీళ్ళు పోసి కలిపి అలమరలో దాచారు.

ఇట్లు, మీ వదిన

తా.క. పాలల్లో కూడా ముంచారు. ఆ పాలతోనే కాఫీ పెట్టి ఆయనకే ఇచ్చాను.

వదినకి నమస్కరించి రాసేది,

నీ పోస్టుకార్డు అందింది. తీగలకి నేను భయపడను. చిన్నప్పుడు నా పెన్సిళ్ళు చీల్చి, లోపలి నల్లపుల్లలు ఉప్పునీళ్ళలో పెట్టి, బ్యాటరీ నాచేత పట్టించేవాడు. పుల్లల చుట్టూ బుడగలు లేస్తుంటే అమ్మ కేకలు కూడా వినపడేవి కావు. పెన్సిల్ ఏదని బడిలో దెబ్బలు మాత్రం నాకు. ఆ మధ్యాహ్నాలు మళ్ళీ వస్తే ఎన్ని పెన్సిళ్ళైనా ఇచ్చేస్తాను.

కానీ మైలుతుత్తం విషం వదినా. ఉద్యోగం అయిపోయిన మనిషి, మాట్లాడని మనిషి, దాచిపెట్టిన జాడీ. అది పారబోసి, అదే రంగు వచ్చేట్టు బట్టల నీలిమందు కలిపి పెట్టు. అన్నయ్యని ఒంటరిగా వదలకు. ఎదురుగా కూర్చో.

నీ మరదలు

తా.క. నీలిమందుతో ప్రమాదం లేదనుకుంటా. మా ఆయన చొక్కాలకి ఇంతవరకూ ఏమీ కాలేదు.

చి.ల.సౌ. ఆడపడుచుకి,

జాడీ మార్చేశాను. సాయంత్రం ఒక తీగకి రాగి రేకు, ఇంకో తీగకి నా చెంచా కట్టి అందులో ముంచారు. బల్బు వెలగలేదు. చెంచా చెంచాలాగే ఉంది. "నా చదువంతా గంగలో కలిసింది" అని తల పట్టుకున్నారు. రోజూ ఇదే వరస. నిట్టూర్పు మీద నిట్టూర్పు.

ఊరికే కూర్చుంటే అనుమానిస్తారని, పంచదారలో ఎందుకు వెలగదని అడిగాను. ఉప్పు నీళ్ళలో విడిపోతుందట, ఆ ముక్కలు కరెంటు మోస్తాయట. పంచదార కరుగుతుందే తప్ప అలా విడిపోదట. "అయితే విడిపోయినవాళ్ళే పనికొస్తారన్నమాట" అన్నాను. ఎన్నాళ్ళకో నవ్వారు. మళ్ళీ నిట్టూర్చారు. నువ్వు వెంటనే బయలుదేరు.

మీ వదిన

తా.క. వచ్చేటప్పుడు చెంచాలు తెచ్చుకో. ఇక్కడివన్నీ తీగలకి వేలాడుతున్నాయి.

పొట్టీ,

బయలుదేరకు. మీ వదిన కార్డు రాసి, డబ్బాలో వెయ్యమని నాకే ఇస్తుంది. నీ కార్డు పోస్టుమాన్ నా చేతికే ఇస్తాడు. చదవకుండా ఉండటానికి నేనేమన్నా ఋషినా?

చావాలని నాకు లేదు. చెంచాకి రాగి పూత వేద్దామని మైలుతుత్తం తెచ్చాను. విషమనే వంటగదిలో పెట్టలేదు. నీలిమందు సంగతి నీ కార్డులో ముందే చదివేశాను.

నాతో మాటా పలుకూ లేదని తను రాసిన ముక్క చదివి సిగ్గేసింది. ఊళ్ళో పిల్లలందరికీ పాఠం చెప్పాను, ఇన్నేళ్ళ కాపురంలో తనకి ఒక్కటి చెప్పలేదు. బడి మానేశాక నాకు లోటైంది జీతం కాదే, ఎదురుగా కూర్చుని అడిగేవాళ్ళు. ఇప్పుడు రోజూ పని ముగించుకుని, స్టూలు లాక్కుని కూర్చుంటోంది. అందుకే ఆ నీలం నీళ్ళలోనే చెంచా ముంచి నిట్టూరుస్తున్నాను. నిట్టూర్పు బాగా పట్టుబడింది.

తనకి చెప్పకు. ఇకమీదట రాస్తే కవరులో రాయి.

మీ అన్నయ్య

తా.క. నిన్న నిట్టూర్చడం మర్చిపోయాను. అయినా మీ వదిన లేవలేదు.