ఇంటి దగ్గర, దారిలో, చివరన

కోడూరు, జూన్ 9

ప్రియమైన నా బంగారుతల్లి వినీలకి,

నీ రిపోర్టులో ఏ జబ్బూ లేదంటమ్మా! అల్లుడు క్రాంతి కుమార్ ఫోనులో చెప్పగానే టీ గ్లాసు చేత్తో పట్టుకునే వీధిలోకి వెళ్ళిపోయాను. కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పాను. చేపల బుట్టతో వెళ్తున్న నాగమల్లేశ్వరి, "మా పాటల పిల్ల బతికింది బాబాయి గారూ" అని ఒక పండుగొప్ప చేప నా చేతిలో పెట్టి వెళ్ళింది.

స్వరపేటిక తీసేశారు గనక నువ్వు మాట్లాడలేవు. నాకా సెల్లులో టైపు కొట్టడం రాదు. పోనీలే, ఉత్తరాలున్నాయి. ప్రాణం దక్కింది, అది చాలు.

చర్చిలో కృతజ్ఞత కూడిక పెడుతున్నాను. పెళ్ళయ్యేదాకా మన క్వైరు నడిపినదానివి, పాటలు నువ్వే ఎంచాలి. రాసి పంపు తల్లీ.

సంతోషం పట్టలేని
మీ నాన్న

గుడివాడ, జూన్ 17

ప్రియమైన నాన్నకి,

మీ ఉత్తరం తేజస్విని పైకి చదివింది. పండుగొప్ప దగ్గర నేను నవ్వితే, "అమ్మ నవ్వింది" అని వాళ్ళ నాన్నని పిలిచింది.

పాటలు మూడు చాలు. ఇంటి దగ్గర, అమ్మ నాట్లేస్తూ పాడుకునేది. దారిలో, తుపానప్పుడు షెల్టర్లో నన్ను ఒళ్ళో పెట్టుకుని మీరు పాడింది. చివరన, నేను క్వైరుకి మొట్టమొదట నేర్పింది. దాన్ని సాగదీయొద్దనండి, ఏడుపులా ఉంటుంది.

కూడికకి తొందరేం లేదు. పాటలు మాత్రం ఇప్పటినుంచే నేర్పించండి. బీపీ మాత్ర మానకండి.

మీ
వినీల

కోడూరు, జూలై 1

ప్రియమైన నా తల్లికి,

ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువుకో. దారిలో కూడా పాడమన్నావని ఎంత మురిసిపోయానో. నిన్ను మనింటి నుంచి చర్చిదాకా ఊరేగించమంటున్నావనుకున్నాను. మైకుతో ఆటో మాట్లాడాను, దండ చెప్పాను.

నిన్న క్వైరుకి పాటలు నేర్పుతుంటే నీ కాగితం సుమతి టీచరు చూసింది. వాయిస్తున్న హార్మోనియం ఆపేసింది. "బాబాయి గారూ, ఇంటి దగ్గరొకటి, దారిలో ఒకటి, చివరనొకటి... మనం ఇలా ఎప్పుడు పాడతామండీ?" అంది.

ఎన్ని పెట్టెల వెనక సమాధులదాకా పాడుకుంటూ నడిచానమ్మా ఈ ఊళ్ళో. మీ అమ్మ పెట్టె వెనకా నడిచాను. అయినా నాకు తట్టలేదు. సంతోషం కళ్ళు కప్పేసింది.

అల్లుడికి ఫోను చేశాను. జబ్బు ఊపిరితిత్తులకి పాకిందనీ, నాకు చెప్పొద్దని నువ్వే ఒట్టు వేయించుకున్నావనీ చెప్పాడు. అతన్నేమీ అనకు. ఆ మూడు వారాలూ నేను రాజులా తిరిగాను. అది నువ్విచ్చిందే. అబద్ధమైనా నీమీద కోపం రావడంలేదు.

కూడిక మానను. పదమూడో తేదీ ఆదివారం క్వైరునంతా తీసుకుని గుడివాడ వస్తున్నాను. నువ్వు మంచం దిగక్కర్లేదు. ఆ మూడు పాటలూ నీ ఎదురుగా పాడతాం. ఎవరు శ్రుతి తప్పినా, ఎవరు సాగదీసినా, వెనకటిలా చెయ్యెత్తి ఆపు. ఆ రోజున మమ్మల్ని దిద్దడానికి నువ్వుండవు గదా.

నా గొంతు పూడుకుపోతే నన్ను మాత్రం ఆపకు. మళ్ళీ ఎత్తుకుంటాను.

పండుగొప్ప పులుసు పెట్టుకొస్తాను. రెండు చెంచాలైనా తాగు.

నీ
నాన్న

ఈ జబ్బు కబురు చెప్పాల్సినవాళ్ళు:
గుడ్లవల్లేరులో అన్నమ్మ పెద్దమ్మకి నేను చెప్తాను.
బందరులో ఝాన్సీ పిన్నికి, అవనిగడ్డలో గంగరాజు మావయ్యకి కూడా నేనే.
మీ అత్తగారు సరోజిని గారికి అల్లుడు చెప్తాడు.
తేజస్వినికి నువ్వే చెప్పాలమ్మా. కాగితం మీద రాసివ్వకు. పక్కన కూర్చోబెట్టుకో, దానికే తెలుస్తుంది.