మీరు చెప్పినట్టే చెప్పాను

మార్కాపురం,
9 ఫిబ్రవరి 1936

ప్రియమైన మీకు,

నేను క్షేమంగా చేరి చిన్నమ్మ వాళ్ళింట్లో దిగాను. రేపే ట్రైనింగు స్కూల్లో చేరే పరీక్ష. మీరు మూడు నెలలు ఓపిక పట్టి ఇంగ్లీషు చెప్పకపోతే నాకింత ధైర్యం ఎక్కడిది! చిన్నాయన తను పనిచేసే పలకల కార్ఖానా నుంచి తెచ్చిన విరిగిన పలక మీద రాసి రాసి చూసుకుంటున్నాను. ‘హి ఈజ్ ఈటింగ్’లో ‘ఈజ్’ ప్రధాన క్రియ, ‘ఈటింగ్’ సహాయక క్రియ. ముందు నడిచేది మొగుడు, వెనక నడిచేది పెళ్ళాం అని మీరు చెప్పిన గుర్తు తలుచుకుంటే నవ్వొస్తుంది. పాసైతే మన పల్లె బడిలో ఇద్దరం కలిసి పాఠాలు చెప్పవచ్చు. నా కోసం ప్రార్థన చేయండి.

మీ
దయామణి

పల్లె బడి, పెద్దారవీడు దారి,
2 ఆగస్టు 1936

ప్రకాశరావు గారికి,

భార్య మొగుడి పేరు పెట్టి రాసిందని గిద్దలూరులో మీ అమ్మగారితో చెప్పుకోండి. జ్వరం తగ్గిందని విన్నాను. ఈ ఉత్తరం చదివే ఓపిక ఉంటుంది.

నేను పరీక్ష ఎందుకు తప్పానో నాకు ఆ రోజే తెలుసు. పరీక్ష పెట్టిన దొరసాని నా కాగితం చూసి పదిమందిలో పడీపడీ నవ్వింది. తర్వాత జాలిపడి చెప్పింది. తినడమే అసలు పని కాబట్టి ‘ఈటింగ్’ ప్రధాన క్రియ, ‘ఈజ్’ దానికి ఆసరా. ఇంటికొచ్చి మీ నోటుపుస్తకం తీస్తే, మీ చేతిరాతలోనే అది సరిగ్గా ఉంది. మీరు పొరబడ్డారేమోనని ఇంకా ఆశపడ్డాను. ఆ సాయంత్రం అరుగు మీద పక్కింటి ఏలీయా అన్నతో మీరన్న మాట విన్నాక ఆశ చచ్చింది. “అది పాసైతే నన్ను పంతులమ్మ మొగుడంటారన్నా. అందుకే అట్ల తలకిందులుగా చెప్పినా” అని నవ్వారు. నేను లోపల మీకు సంగటి కెలుకుతున్నాను.

మీరు మంచం పట్టగానే, అందరు అయ్యవార్ల ఇళ్ళలో లాగే, బడి నా మీద పడింది. గిద్దలూరు బండెక్కేటప్పుడు ఏమన్నారు? “నేను నీకు చెప్పినట్టే చెప్పు. సొంత తెలివి వాడబాకు.” వాడలేదు. ఇది అయ్యవారి పాఠమని చెప్పి, మొగుడూ పెళ్ళాం గుర్తుతో సహా ముప్ఫై ఇద్దరు పిల్లలకూ నేర్పాను.

మొన్న బడి తనిఖీకి ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. ముందు వరసలో కూర్చున్న కొండమ్మను ప్రధాన క్రియ ఏదని అడిగితే గడగడా అదే చెప్పింది. తక్కిన వాళ్ళూ అదే. “ఎవురు నేర్పినారు మీకు?” అన్నారాయన. “ఇది మా అయ్యవారి పాఠం సార్” అన్నారు పిల్లలు. ఆయన నా వైపు తిరిగితే సరైనది చెప్పాను. “తెలిసి కూడా ఇట్ల ఏంది?” అన్నారు. “అయ్యవారి మాట దాటే అధికారం నాకు లేదండీ” అన్నాను. మీ ఉద్యోగం తీసేస్తూ కాగితం రాసిపోయారు. వచ్చే ఫిబ్రవరిలో మళ్ళీ పరీక్ష రాసేదాకా బడి నన్నే చూడమన్నారు.

ఆయన బండి కదలగానే పలకలు తుడిపించి సరైన పాఠం చెప్పాను. కొండమ్మ ఏడ్చింది. దొరలాంటి మనిషి ముందు తనను తప్పు పలికించానని నా ముఖం చూడలేదు. ఆ పిల్ల ఎదుట నేనూ మీలాంటిదాన్నే అయ్యాను. దానికి క్షమించమని ఆ పిల్లను అడిగాను.

మిమ్మల్ని అడగను.

దయామణి