పెరటి నల్లాకు ఎర్ర రంగు

అమ్మా మమతా,

స్నానాల నీళ్లు ఇసుకలో వడగట్టి మందారాలకు పారిస్తే, ఆ పూలు శివుడికి పనికొస్తాయా అని ఆరేళ్లుగా నాకు సందేహం. అది ఇప్పటికీ తీరలేదు.

దవాఖాన నుంచి రాగానే నందినిని పడుకోబెట్టు. నీళ్లు కాచి చల్లార్చి స్టీలు బిందెలో పోశాను, అవే తాగించు. పెరటి నల్లాలో వచ్చేవి ఆ వడగట్టిన నీళ్లే, మొక్కలకు మాత్రమే. వాటితో గిన్నెలు కూడా తోమొద్దని పనామెకు చెప్పాను.

"మామా, ఆ నల్లాకు జర ఎర్ర రంగు ఏయున్రి, లేకుంటే పిల్ల తాగుతది" అని ఎన్నిసార్లు అడిగావో. ప్రతిసారీ "రేపేస్త తియ్" అన్నాను. పూల మైల గురించి నీతో వాదించడానికి మాత్రం నాకు తీరిక దొరికింది. ఆ పూలు ముట్టకుండా రోజూ బజారు పూలు తెచ్చాను. నా మనవరాలు నందిని ఆడుకుంటూ ఆ నల్లా కింద దోసిలి పట్టి తాగితే చూసుకోలేదు. మైల పూలలో ఉందా, నా బద్ధకంలో ఉందా? స్వామినే అడగాలి. అడగడానికి మొహం చెల్లడం లేదు.

పాప కోసం మొక్కుకున్నాను, ఝరాసంగం శివుడి గుడికి వెళ్తున్నాను. ఈసారి మన మందారాలే కోసుకున్నాను. సాయంత్రానికి వస్తాను.

మామ

పెరట్లోకి వెళ్తే నల్లా ముట్టుకోకు. రంగు ఇంకా తడిగా ఉంది.