నీలి మచ్చ కట్టెలు

జనవరి 9, గురువారం

ఆల్డెన్ శనివారం సాయంత్రం మా ఇంటికి వస్తున్నాడు. పోస్టాఫీసు మెట్ల మీద ఇద్దరం బూట్ల మంచు దులుపుకుంటుంటే, సూప్ తాగడానికి రాకూడదా అన్నాను. వస్తానన్నాడు. అంతే. యాభై మూడేళ్లదాన్ని, కారెక్కి స్టీరింగ్ మీద తల పెట్టుకుని నవ్వుకున్నాను.

ఫైర్‌ప్లేస్ వెలిగించాలి. ఈ ఇల్లు కొన్నాక ఒక్కసారీ వెలిగించలేదు. బేస్‌మెంట్‌లో ఇల్లంతా వెచ్చబెట్టే ఆయిల్ ఫర్నేస్ ఉండగా ఆ మసి ఎవరికి కావాలి? కానీ నేను చదివే నవలలన్నిటిలో చలికాలపు ప్రేమ మంట ముందే మొదలవుతుంది. బయట మంచు తుఫాను, లోపల ఇద్దరికీ కలిపి ఒకటే దుప్పటి. ఫర్నేస్ ముందు ఎవరూ ముద్దు పెట్టుకోరు.

జనవరి 11, శనివారం, మధ్యాహ్నం

కట్టెలు దొరకలేదు. తుఫాను వస్తోందని జనం పెట్రోలు బంకులో అమ్మేవన్నీ ఎత్తుకుపోయారు. ఉత్తి చేతులతో వస్తూ చర్చి వెనక షెడ్ దగ్గర ఆగాను. ఊరి కట్టెల షెడ్ అది. చలికాలం మధ్యలో కట్టెలు అయిపోయినవాళ్లు వచ్చి పట్టుకెళ్లొచ్చు. తాళం ఉండదు. ఎవరు పట్టుకెళ్లారని అడగరు. అడగకపోవడమే మా ఊరి మర్యాద.

డిక్కీ నింపుకున్నాను. సోమవారం కొని తెచ్చి అక్కడ పడేస్తాను, ఏం కొంప మునిగింది? నవలల్లో కట్టెలు ఎప్పుడూ పొయ్యి పక్కన పేర్చే ఉంటాయి. ఎక్కణ్ణించి వచ్చాయో ఏ రచయిత్రీ రాయదు.

జనవరి 12, ఆదివారం

నిన్న అంతా నవల్లోలాగే జరిగింది. మంట అతనే రాజేశాడు. ఒక కట్టె చేతిలోకి తీసుకుని చివర చూశాడు. ఆ చివర గోడవైపుకి తిప్పి పొయ్యిలో పెట్టాడు. తర్వాత చాలా మెల్లగా, చలికి ఇబ్బందిగా ఉందా లోర్నా, అన్నాడు. నాకేం అర్థమైంది గనక! గారాలు పోతూ, కొంచెం, అన్నాను. చెయ్యి పట్టుకున్నాడు.

ఈ ఉదయం మిగిలిన కట్టెలు చూశాను. ప్రతిదాని చివరా నీలి రంగు మచ్చ. షెడ్ కట్టెలు ఎవరూ అమ్ముకోకుండా పూసే రంగు. అక్కడ ప్రతి శనివారం పొద్దున కట్టెలు చీల్చే నలుగురిలో ఆల్డెన్ ఒకడు.

ఆయిల్ కొనుక్కోలేక షెడ్‌కి వెళ్లాననుకున్నాడు.

జనవరి 13, సోమవారం

వరండాలో నడుమెత్తు కట్టెలు. బాగా ఆరిన మేపుల్. తలుపు తట్టలేదు, చీటీ పెట్టలేదు.

జనవరి 19, ఆదివారం

నిన్న చెప్పేద్దామనే అనుకున్నాను. ఒట్టు. కానీ అతను వచ్చే ముందు నా చెయ్యే వెళ్లి ఫర్నేస్ వేడి సరిచేసే థర్మోస్టాట్ తగ్గించింది. అతను కోటు విప్పకుండానే కూర్చున్నాడు. ఇందులో సిగ్గేముంది, మా అమ్మ ఒక ఏడాది వంటింటి కుర్చీలు విరగ్గొట్టి పొయ్యిలో పెట్టింది, నిలబడే తిన్నాం, నాన్న మాత్రం అదే ఒంటికి మంచిదన్నాడు, అని నవ్వాడు. అలాంటి మాట విన్నాక ఇంకేం చెప్తాను?

ముద్దు పెట్టుకున్నాడు. నన్ను కాదు. ఇంట్లో ఆయిల్ లేని ఎవరో లోర్నాని.

ఫిబ్రవరి 3, సోమవారం

క్లినిక్‌లో నా పక్క టేబుల్ గ్లెండా పొద్దుటినుంచీ ఒకటే గోల. షెడ్ ఖాళీ అయిందట. పెల్కీ ముసలావిడ మంచు మీద లాగే స్లెడ్ ఈడ్చుకుంటూ వచ్చి ఖాళీగా తిరిగి వెళ్లిందట, అవెన్ తలుపు తీసి దాని ముందు కూర్చుంటోందట. ఏ మహాతల్లి ఊడ్చుకుపోయిందో గానీ దాని చిమ్నీ పూడిపోను, అంది. నేను ఫోనెత్తి, ఎవరూ చెయ్యకపోయినా హలో అన్నాను.

ఇంకా చెప్పింది. ఆల్డెన్‌కి ఏమైందో, ఎండు కట్టెలు పెట్టుకోకుండా పచ్చివి కాలుస్తున్నాడే, ఇల్లంతా పొగ, అని. చీల్చి ఏడాది ఆరితే గానీ కట్టె కట్టె కాదని నాతో అన్నది అతనే.

అతని ఎండు కట్టెలు నా వరండాలో ఉన్నాయి.

ఫిబ్రవరి 5, బుధవారం

అయిపోయింది.

సాయంత్రం వస్తానని అతను ఫోన్ చేస్తే, పొద్దున్నే థర్మోస్టాట్ బాగా దించి పనికి వెళ్లాను. బయట మైనస్ ఇరవై. వచ్చేసరికి వంటింటి కుళాయిలో చుక్క నీళ్లు లేవు. పైపు గడ్డకట్టింది. నేను వద్దు వద్దంటున్నా ఆల్డెన్ ఆ గడ్డ కరిగించడానికి హెయిర్ డ్రయ్యర్ పట్టుకుని బేస్‌మెంట్‌లోకి దిగాడు. మెట్ల పైన నిలబడ్డాను. కాసేపటికి డ్రయ్యర్ ఆగింది. వేలితో ఆయిల్ ట్యాంకు మీద కొట్టిన చప్పుడు వినిపించింది. నిండు ట్యాంకు చప్పుడు ఎవరికి తెలియదు?

పైకొచ్చి థర్మోస్టాట్ తనే పెంచాడు. ఫర్నేస్ టక్కున రాజుకుంది. ఇల్లు వెచ్చబెట్టుకోండి, పైపులు పగిలిపోతాయి, అన్నాడు. నా ముఖం చూడకుండా గ్లవ్స్ తొడుక్కుని వెళ్లిపోయాడు.

తిట్టి ఉంటే బాగుండేది.

ఫిబ్రవరి 8, శనివారం

వరండాలో మిగిలిన కట్టెలన్నీ కారులోకి ఎక్కించాను. వాడినవాటికి బదులు కొన్నవి కూడా. చీకట్లో వెళ్లి షెడ్‌లో పడేసి రావచ్చు. అలాగే చేద్దామనుకున్నాను కూడా. కానీ పట్టపగలు, వాళ్లు నలుగురూ గొడ్డళ్లు పట్టుకుని ఉన్నప్పుడే వెళ్లాను. కాఫీ పోస్తున్న గ్లెండా, ఏంటే, కట్టెలు నడుచుకుంటూ వెనక్కొచ్చాయా, అంది. అందరూ నవ్వారు.

నాకు ఫర్నేస్ ఉంది, అన్నాను. ట్యాంకు నిండా ఆయిల్ ఉంది. మంట ముందు కూర్చోవాలని ముచ్చటపడి పట్టుకెళ్లాను.

నవ్వు ఆగింది. ఆల్డెన్ గొడ్డలి ఆగలేదు. ఎవరూ సాయం పట్టలేదు, ఒక్కదాన్నే దించి పేర్చాను. సగంలో అతను తలెత్తకుండా, బెరడు పైకి పెట్టండి, లేకపోతే నీళ్లు దిగుతాయి, అన్నాడు. పేర్చిందంతా తీసి మళ్లీ పేర్చాను.

కొన్ని కారులోనే ఉంచి పెల్కీ గారింట్లో దించాను. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని, నీలాంటివాళ్లు ఉండబట్టే తల్లీ, అంది. గ్లెండా తిట్టే నయం.

ఫిబ్రవరి 15, శనివారం

రాలేదు. ఎందుకు వస్తాడు?

ఫిబ్రవరి 22, శనివారం

పొద్దున తలుపు తీస్తే మెట్ల ముందు మేపుల్ దుంగలు. చీల్చనివి. పచ్చివి, కోసిన చోట ఇంకా తడిగా ఉన్నాయి. నీలి మచ్చ లేదు. పై దుంగలో గొడ్డలి దిగి ఉంది. ఆల్డెన్‌ది.

వచ్చే చలికాలానికి గానీ మండవు.

ఒకటి చీల్చాను. అరచేతులు బొబ్బలెక్కాయి. బెరడు పైకి పెట్టాను.