నడి నీళ్ళలో పిలుపు

మే 1996, రాత్రి. ఆత్మకూరు.

పర్యావరణం ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం ఈరోజు సోమశిల జలాశయం నుంచి నీటి నమూనా తెచ్చాను. నడిమధ్యలో సీసా ముంచబోతే పడవ నడిపే మస్తానయ్య చెయ్యడ్డం పెట్టాడు.

"ఆగమ్మా. ఈడ కింద మా పెదనాయన ఇల్లుండాది. పిలవకుండా ఎట్టా తీసుకుంటావు?"

ఆనకట్ట కట్టినప్పుడు వాళ్ళ ఊరు మునిగిపోయింది; అక్కణ్ణుంచి లేచొచ్చిన వాళ్ళందరికీ అదే అలవాటట. నీళ్ళమీదికి వంగి, "ఇంట్లో ఎవురుండారు?" అని కేకేశాడు. కాసేపు చెవి ఒగ్గి విన్నాడు. తర్వాత తలూపి, "ఊఁ, ఇంక ముంచుకో" అన్నాడు.

అప్పుడు నవ్వొచ్చింది. చదువయ్యాక, కొత్త ఆనకట్టల కింద ఏమేం మునుగుతాయో లెక్కగట్టే ఉద్యోగమే నాకు కావాలి. ఆ లెక్కలో ఇదెక్కడ వెయ్యను?

సీసా బల్లమీదే ఉంది. రేపు ల్యాబులో మూత తీసేముందు నేనూ పిలవాలేమో. పిలవడానికి భయమేం లేదు. ఎవరైనా పలికితే...